తీగా తొడుగూ

జూన్ 9, సోమవారం

స్పేర్ పార్టుల ఏజెంటు ఈ ఏడు కూడా డైరీ ఇచ్చాడు. షాపు మూసేశానని వాడికి తెలియదు. నేనూ చెప్పలేదు. ఐదు నెలలుగా సొరుగులో పడి ఉంది. నలభై నాలుగేళ్ళు సైకిల్ చక్రాల వంకర తీసినవాణ్ణి, ఇప్పుడు కూర్చుని అక్షరాల వంకర తీస్తున్నాను. నాలుగో తరగతితో ఆగిన చదువు. ఎవరూ చూడరు కాబట్టి ఫర్వాలేదు.

ఇవాళ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నేను, కోడలు, పిచ్చుక. పిచ్చుక నా మనవరాలు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని నేను పెట్టిన పేరు. ఇప్పుడు పదహారేళ్ళు. మా వాడిది లిఫ్టులు బిగించే కంపెనీలో పని. నెలకు పాతిక రోజులు ఇంట్లో ఉండడు. ఉన్న ఐదు రోజులూ నిద్రపోతాడు.

పిచ్చుక పై కోరపళ్ళు రెండూ పక్క పళ్ళ మీదికెక్కి బయటికొచ్చాయి. నావీ అచ్చం అలాగే ఉండేవి. చిన్నప్పుడు నన్ను కొమ్ములోడా అనేవాళ్ళు. అన్నవాణ్ణల్లా తన్నాను. ఇది తన్నదు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఇప్పుడు నావన్నీ కట్టుడు పళ్ళు. వరుసగా నిలబడతాయి. దానికి మాత్రం నా పాత పళ్ళు అంటగట్టాను.

డాక్టరు చిన్నపిల్ల. మా కోడలికంటే చిన్నది. రెండు దారులు చెప్పింది. ఒకటి, ప్రతి పంటికీ ఒక క్లిప్పు అతికించి, వాటిలోంచి తీగ లాగి, నెలకోసారి బిగించడం. రెండోది, అద్దంలాంటి ప్లాస్టిక్ తొడుగులు. పళ్ళ మీద వేసుకుంటే ఎదుటివాళ్ళకు కనపడవు. పదిహేను రోజులకో కొత్త జత. రోజుకు ఇరవై రెండు గంటలు నోట్లోనే ఉండాలి. తినేటప్పుడు తీయాలి, చల్లనీళ్ళతో కడగాలి, మళ్ళీ పెట్టుకోవాలి.

"తీగే," అన్నాను నేను.

"పెద్దాయనా, పెట్టుకునేది పాప కదా, పాపని అడుగుదాం," అంది డాక్టరు.

పిచ్చుక నేల వంక చూస్తూ "కనపడనివి," అంది.

అప్పుడు చెప్పింది కోడలు. అక్టోబరులో కాలేజీ వార్షికోత్సవం. మైకు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా సభ నడిపేది పిచ్చుకేనట. నాకెవరూ చెప్పలేదు.

జూన్ 10

నిద్ర సరిగా పట్టలేదు. పెద్దాయనా అంది. పేరు లేనట్టు.

జూన్ 12

షాపు సామానంతా అమ్మేసినా చక్రం బిగించే స్టాండు ఒక్కటి ఇంటికి తెచ్చుకున్నాను. ఇవాళ దాన్ని హాల్లో పెట్టి, పిచ్చుక సైకిలు ముందు చక్రం ఊడదీసి బిగించి, కోడల్ని పిలిచాను.

"చూడమ్మా. ఈ స్పోకు పావు తిప్పు. ఎదురుగా ఉన్నది పావు వదులు. రిమ్ము ఎలా దారికొస్తుందో చూశావా? లాగేవాడుండాలి. తీగ లాగుతుంది. ఆ తొడుగు ఏం లాగుతుంది? ఊరికే మూతలా కూర్చుంటుంది."

కోడలు గోదాముకు వెళ్ళే తొందరలో ఉంది. మందుల గోదాములో ప్యాకింగ్ చూసుకుంటుంది. అక్కడ పదిహేడు మందిని అదిలించే నోరు.

"మామయ్యా, అది రిమ్ము కాదు. ఆడపిల్ల నోరు," అంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

చక్రం మళ్ళీ సైకిలుకు బిగించాను. పిచ్చుక వచ్చి బ్రేకు సరిచేసిపెట్టమంది. అది బాగానే ఉంది. అయినా సరిచేశాను.

జూన్ 15

తొడుగులకే మొగ్గారు. మా వాడు ఫోనులో "నాన్నా, కాలం మారింది," అన్నాడు. కాలం మారితే ఎముక మారుతుందా అని అడిగాను. సిగ్నల్ లేదన్నాడు.

ఈ ఇంట్లో నన్ను అడగరు. అడిగినట్టు కూర్చోబెడతారు.

జూలై 5, శనివారం

తొడుగులు వచ్చాయి. ఒక్కో జత ఒక్కో సంచిలో, మీద అంకెలు. మొదటి ఐదు జతలు ఇచ్చి, సెప్టెంబరులో చూపించమన్నారు. చల్లనీళ్ళు, చల్లనీళ్ళు అని డాక్టరు మూడుసార్లు చెప్పింది. నాకు ఒక్కసారి చెప్తే చాలు.

వేసుకుంటే నిజంగానే కనపడవు. దగ్గరగా చూస్తే పళ్ళు తడిసినట్టు మెరుస్తాయి, అంతే. కానీ మాట ముద్దయిపోయింది. సభకు సమస్కారం అన్నట్టు ఏదో అంటోంది. అది అద్దం ముందు నిలబడి పేపరు పైకి చదువుతోంది. ఒక్కో మాట పదిసార్లు. ఆ పట్టుదల నాదే. ఎవరూ అనరు గానీ నాదే.

జూలై 8

ఎడమ పక్క తొడుగు అంచు చిగురు కోసేస్తోందట. భోజనానికి తీసి పక్కన పెట్టింది. తాతయ్యా చూడవా అంది. అదే అడిగింది.

ప్లాస్టిక్ సంగతి నాకు కొత్తా? వంగిపోయిన మడ్‌గార్డులు ఎన్ని దారికి తెచ్చాను! వేడినీళ్ళలో ముంచి పది లెక్కపెట్టి, మెత్తబడగానే బొటనవేలితో నొక్కి, చల్లనీళ్ళలో వేస్తే ఉన్నది ఉన్నట్టు నిలబడిపోతుంది. గిన్నెలో నీళ్ళు కాచాను. పది కూడా అక్కర్లేదు, ఆరు చాలు. అంచు బయటికి ఒత్తాను. నా చేతులు వణుకుతాయని షాపు అమ్మించారు. ఇవాళ వణకలేదు.

పిచ్చుక వేసుకుంది. "నొప్పి లేదు తాతయ్యా," అంది.

మీ అమ్మకి చెప్పకు అన్నాను. ఊరికే రాద్ధాంతం చేస్తుంది.

జూలై 9

నొప్పి లేదట. మళ్ళీ అడిగాను. లేదంది.

జూలై 19

రెండో జత. మొదటి రోజు బిగువుగా ఉంటుందని డాక్టరు చెప్పిందట. ఎందుకుండాలి? చేతిలో పనితనం లేనివాళ్ళు నొప్పి సహజం అంటారు. భోజనం టైముకు నీళ్ళు కాచి సిద్ధంగా ఉంచాను. పిచ్చుక అడగకముందే. అయిదు నిమిషాల పని.

ఆగస్టు 2

మూడో జత అయింది. ఈసారి రెండు పక్కలా.

సాయంత్రం పాత షాపు వైపు వెళ్ళాను. అక్కడ ఇప్పుడు ఫోన్ల మీద అద్దాలు అతికిస్తున్నారు. నా గోడకు నేను కొట్టిన మేకులకు ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి. పక్కనున్న టైలరు ఇంకా ఉన్నాడు. నన్ను చూసి మిషను ఆపాడు.

"రా బావా. ఏంటి ముఖం వెలిగిపోతోంది? మళ్ళీ పెళ్ళా?"

"పనిలో ఉన్నాను."

"ఈ వయసులో నీకు పనిచ్చిన గుడ్డివాడెవడు?"

తొడుగుల సంగతి చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. టేపు మెడలోంచి తీసి చుట్టాడు.

"నేను కొలతలు తీసి కుట్టిన జాకెట్టు, ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ తాతెవడో సాగదీస్తే నేనేమంటానో తెలుసా?" అన్నాడు.

వాడికి గుడ్డ తప్ప ఏం తెలుసు! టీ తాగకుండా వచ్చేశాను.

ఆగస్టు 16

నాలుగో జత. పిచ్చుక భోజనం గదిలోనే తింటానంది. చదువుకోవాలట. ఇక్కడే తిను, వెలుతురుంది అన్నాను. గిన్నె చల్లారిపోతుంది కదా.

ఆగస్టు 30

ఐదోది.

మాట ఇప్పుడు శుభ్రంగా ఉంది. సభ మొదలుపెట్టే నాలుగు వాక్యాలు నాకు చెప్పి చూపించింది. స్పూను పట్టుకుని మైకులాగా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఇంకొకసారి చెప్పించుకున్నాను. నాకు కూడా వచ్చేసింది.

సెప్టెంబరు 13, శనివారం

డాక్టరు దగ్గర జరిగింది రాస్తాను.

నోరు తెరిపించి లైటు వేసి చూసింది. పాత ఫోటో కంప్యూటర్లో పెట్టి పక్కన కొత్తది పెట్టింది. ఐదో తొడుగు వేయించి చేత్తో నొక్కింది. కోరపళ్ళ దగ్గర తొడుగుకీ పంటికీ మధ్య సందు. ఆ సందు నాకూ కనపడింది. చక్రంలో వెంట్రుకంత తేడా పట్టుకునే కళ్ళు నావి.

"కోరపళ్ళు రవ్వంత కూడా కదల్లేదు. ముందు పన్ను ఒకటి పక్కకు తిరిగింది," అంది డాక్టరు. తర్వాత పిచ్చుక వంక చూసి, గొంతు తగ్గించి, "రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటున్నావమ్మా? నిజం చెప్పు," అంది.

"ఇరవై రెండు గంటలు మేడం."

"పెట్టుకుంటే ఇలా ఉండదు."

"పెట్టుకుంటున్నాను మేడం."

కోడలు ముఖం ఎర్రబడింది. "ఆవిడ ముందు కూడా అబద్ధమేనా? మేము కడుపు కట్టుకుని చేయిస్తుంటే కాలేజీకి వెళ్ళగానే తీసి సంచిలో పడేస్తున్నావు కదూ?"

"లేదమ్మా."

"ఇంకా లేదంటావేం? పళ్ళు అబద్ధం చెప్తాయా?"

పిచ్చుక నా వంక చూడలేదు. అది ముఖ్యం. ఒక్కసారి కూడా చూడలేదు. నేను గోడకున్న పళ్ళ బొమ్మ చూస్తూ కూర్చున్నాను. ఆ బొమ్మలో పైన పదహారు, కింద పదహారు. రెండుసార్లు లెక్కపెట్టాను.

డాక్టరు చెప్పింది. మళ్ళీ కొలతలు తీసి కొత్త తొడుగులు చేయించవచ్చు, కానీ పెట్టుకుంటుందన్న నమ్మకం ఉండాలి. లేదంటే ఎవరూ తీయలేనిదే మంచిది, క్లిప్పులూ తీగా.

"తీగే వేసేయండి. దీనికి అదే సరి," అంది కోడలు.

ఆటో డబ్బులు నేనే ఇచ్చాను.

రేపు కోడలికి చెబుతాను.

సెప్టెంబరు 14

కోడలు తల నొప్పని పడుకుంది. ఇప్పుడు చెప్పే సమయం కాదు.

సెప్టెంబరు 15

అసలు వేడినీళ్ళ వల్లే అని ఎవరన్నారు? డాక్టరు అనలేదు. దాని ఎముకే మొండిది కావచ్చు. నాదీ అంతే కదా. తొడుగు పని చేయదని నేను ముందే చెప్పాను. స్టాండు మీద చక్రం పెట్టి మరీ చెప్పాను.

సెప్టెంబరు 16

చెప్పలేదు.

సెప్టెంబరు 17

మా వాడు ఫోను చేసి పిచ్చుకను తిట్టాడు. ఎప్పుడూ తిట్టనివాడు. అది ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఊఁ, ఊఁ అంటూ నిలబడింది. నేను బయటికి వెళ్ళాను. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. వచ్చేసరికి ఇంకా ఊఁ అంటోంది.

సెప్టెంబరు 20, శనివారం

తీగ వేశారు. నేను వెళ్ళలేదు. మోకాలు నొప్పి.

రాగానే చూశాను. ప్రతి పంటి మీదా ఒక మేకు తల. తీగ సన్నది. పనితనం బాగానే ఉంది. పెదవి లోపల రెండుచోట్ల ఒరుసుకుపోయింది. మైనపు ముద్ద ఇచ్చారట, గుచ్చుకునే చోట అద్దుకోవడానికి. గదిలో ఒక్కతే అద్దుకుంది. నన్ను అడగలేదు.

భోజనానికి పిలిస్తే నమలలేనంది. కోడలు గ్లాసులో పాలు పెట్టి, నా వంక తిరిగి అంది.

"మీ మాటే నెగ్గింది మామయ్యా. మొదటే వినుంటే సరిపోయేది."

అవునమ్మా అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

సెప్టెంబరు 24

మైకు ఇంకొక పిల్లకి ఇచ్చేశారు. కాలేజీ వాళ్ళు తీసేయలేదు. ఇదే వెళ్ళి వద్దని చెప్పిందట. ఆ పిల్లకి మాటలు కూడా ఇదే రాసిచ్చిందట. కోడలు చెప్పింది. చెప్తూ ఏడ్చింది. తిట్టిన నోరే ఏడ్చింది.

ఆ నాలుగు వాక్యాలు నాకు ఇంకా వచ్చు. ఏం చేసుకోను?

సెప్టెంబరు 25

టైలరు దగ్గరికి వెళ్ళాను. చెప్పాను. వాడు బొత్తాం కుడుతున్నాడు. తలెత్తలేదు.

"ఇంట్లో చెప్పావా?"

"చెబుతాను."

"ఎప్పుడు? తీగ ఊడదీశాకా?"

"నేనేం పాడు చేయాలని చేయలేదురా."

"నేను అడిగింది అది కాదు బావా," అన్నాడు. దారం పంటితో తెంపాడు.

సెప్టెంబరు 28, ఆదివారం

చెప్పాను.

కోడలు బట్టలు మడత పెడుతోంది. నిలబడే చెప్పాను. వేడినీళ్ళలో ముంచి అంచులు వదులు చేశాను, ఐదు జతలూ, అని. ఆమె చేతిలో దుప్పటి అలాగే ఉంది. తర్వాత అంది.

"కావాలనే చేశారా మామయ్యా?"

"ఏమన్నావ్?"

"తీగే వేయించాలని పట్టుబట్టారుగా. మీ మాట నెగ్గాలని చేశారా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అన్నాను. పిల్ల నొప్పి చూడలేక చేశాను అన్నాను. అదే అడిగింది, లేకపోతే నేనెందుకు ముట్టుకుంటాను అన్నాను. కోడలు నమ్మినట్టు కనపడలేదు. అప్పుడు ఈ డైరీ తెచ్చాను. జూలై 8 పేజీ తీసి ఆమె ముఖం ముందు పెట్టాను.

"చదువు. ఆ రోజే రాసి పెట్టుకున్నాను. అదే అడిగింది అని ఉందా లేదా?"

చదివింది. "ఇలా రావే," అని కేకేసింది.

పిచ్చుక గుమ్మంలో నిలబడింది.

"తాతయ్యని నువ్వే అడిగావా? తొడుగులు వదులు చేసిపెట్టమని?"

పిచ్చుక నా వంక చూసింది. డాక్టరు దగ్గర చూడనిది ఇప్పుడు చూసింది. నా చేతిలో డైరీ వంక చూసింది.

"అడిగానమ్మా," అంది. తీగ మెరిసింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మరి డాక్టరు ముందు నోరు పెగల్లేదేం? ఆయనంటే పెద్దాయన, తెలియక చేశారు. నీకు బుద్ధి ఉండక్కర్లేదా?" అని కోడలు మొదలుపెట్టింది. చాలాసేపు అంది. అంతా దాన్నే అంది.

నేను డైరీ మూసి గదిలోకి వచ్చేశాను.

సెప్టెంబరు 29

జూలై 8 పేజీ మళ్ళీ తీశాను. అదే అడిగింది అన్న మాట మీద గీత కొట్టాను. పైన రాయడానికి చోటు లేదు. ఇక్కడ రాస్తున్నాను.

అది అడగలేదు.

కొంచెం గుచ్చుకుంటోంది తాతయ్యా, రెండ్రోజుల్లో సర్దుకుంటుందట, అంది. అంతే. ఇలా ఇవ్వు అన్నాను. వద్దంది. డాక్టరు చల్లనీళ్ళే అంది తాతయ్యా అంది. డాక్టరుకేం తెలుసు, నేను నలభై నాలుగేళ్ళు చేసిన పని అన్నాను. అప్పటికే నీళ్ళు మరుగుతున్నాయి. అది భోజనానికి కూర్చోకముందే పొయ్యి మీద పెట్టాను. తొడుగు గుప్పెట్లో పట్టుకుని ఉంది. పిడికిలి బిగించలేదు, అలాగని ఇవ్వనూ లేదు. దాని వేళ్ళు ఒక్కొక్కటీ నేనే విప్పాను. నవ్వుతూ విప్పాను, ఆటలాగా. అదీ నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

తర్వాత నొప్పి లేదంది. ఎందుకుంటుంది? వదులైతే నొప్పి ఉండదు. వదులైన స్పోకు ఏ రిమ్మునీ లాగదని ఈ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. స్టాండు పెట్టి నేనే పాఠం చెప్పాను.

తర్వాతి నాలుగు జతలూ అది తనంతట తానివ్వలేదు, నేనే తీసుకున్నాను. నేను గిన్నె పెట్టుకుని కూర్చునేవాణ్ణి. గదిలో తింటానన్నది చదువు కోసం కాదు.

కావాలనే చేశారా అని కోడలు అడిగింది. లేదు. కానీ ఇంకో సంగతి ఉంది, అదీ రాస్తాను. ఆ రోజు డాక్టరు దగ్గర, తీగే వేసేయండి అని కోడలు అన్నప్పుడు, లోపల ఒక్క క్షణం నాకు బాగుంది. పిచ్చుక ఏడుపు ఆపుకుంటూ నా పక్కనే కూర్చుని ఉంది. అయినా బాగుంది.

మధ్యాహ్నం దాని గదికి వెళ్ళాను. ఎందుకు అడిగానని చెప్పావు అన్నాను. పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"నువ్వు రాసి పెట్టుకున్నావు కదా తాతయ్యా," అంది. "రాసింది అబద్ధమని అమ్మ ముందు ఎలా చెప్పను?"

ఇప్పుడు ఐదు ముప్పావు. కోడలు ఆరింటికి గోదాము నుంచి వస్తుంది. ఈ పేజీ తెరిచి భోజనం బల్ల మీద పెడుతున్నాను. వేడినీళ్ళ గిన్నె పెట్టుకుని కూర్చున్న చోటే. కళ్ళజోడు బరువు పెడతాను, పేజీ తిరగకుండా.

గేటు చప్పుడయింది. మూయబుద్ధవుతోంది. మూయను.